హార్డ్ డిస్క్‌లో పడున్న ల్యాండ్‌స్కేప్ ఫోటోలు అందరికీ ఇచ్చేయాలంటే ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆరేడేళ్లుగా సెలవు దొరికితే చాలు కెమెరా భుజాన వేసుకుని కొండలూ ఏర్లూ తిరుగుతున్నారు. హార్డ్ డిస్క్‌లో పద్నాలుగు వేల ఫోటోలున్నాయి. అమ్ముకునే ఉద్దేశం లేదు, ఎవరికి కావాలంటే వాళ్లు వాడుకునేలా ఇచ్చేద్దామనుకుంటున్నారు. ఎక్కడ పెట్టాలి, ఏ లైసెన్సు ఎంచుకోవాలి, ఫోటో మీద పేరు ముద్రలా కనిపించే వాటర్‌మార్క్ వేయాలా, ఎవరైనా కొట్టేస్తే ఏం చేయాలి అని అడిగారు. "ఫ్రీగా ఇచ్చి మా పొట్ట కొడతావా" అని తెలిసిన ప్రొఫెషనల్ ఒకాయన అన్న మాట గుచ్చుకుంటోందనీ రాశారు.

నేనూ ప్రొఫెషనల్‌ని కాను. బ్యాంకు ఉద్యోగం, మూడేళ్లకో బదిలీ. జమ్మలమడుగు, కంభం, పాడేరు ఇలా తిరిగిన ప్రతి ఊళ్లోనూ ఆదివారాలు కెమెరాకే పోయాయి. 2009లో కొన్న నికాన్ డీ90తో మొదలుపెట్టి, 2011 నుంచి ఫోటోలు ఉచితంగా పెడుతున్నాను. అన్నీ తెలిసి చేశానని చెప్పను. చాలాసార్లు చేతులు కాల్చుకున్నాక తెలిసింది. అందుకే నా అనుభవాలతోనే చెబుతాను.

ముందు హక్కు సంగతి. షటర్ నొక్కిన క్షణం నుంచే ఆ ఫోటో మీద కాపీరైట్ మీది. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కింద పేరు రాయక్కర్లేదు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో ఫోటోలకు పూర్వం ప్రచురించిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లే రక్షణ ఉండేది. 2012 సవరణతో ఆ తేడా పోయింది. ఇప్పుడు కథకైనా ఫోటోకైనా ఒకటే లెక్క: సృష్టించిన మనిషి బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. మీరు ఏమీ చెప్పకుండా ఎక్కడో పడేసిన ఫోటోను, చట్టప్రకారం, మీ మనవల కాలంలో కూడా ఎవరూ ముట్టుకోకూడదన్నమాట. ఉచితంగా ఇవ్వాలన్న కోరిక మీ మనసులో ఉంటే సరిపోదు. ఎలా ఇస్తున్నారో రాసి పెట్టాలి. లైసెన్సు అంటే ఆ రాతే.

ఒక మినహాయింపు. ఎవరైనా డబ్బిచ్చి మీచేత ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే ఆ ఫోటో మీద మొదటి హక్కు డబ్బిచ్చినవాళ్లదే. కజిన్ రిసార్ట్‌కు ఓ పదివేలు తీసుకుని తీసిన సూర్యోదయాలు ఆ పద్నాలుగు వేలలో ఉంటే, వాటిని పక్కన పెట్టండి.

లైసెన్సును మీరే కూర్చుని రాయాల్సిన పని లేదు. క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ 2001లో పుట్టింది ఇందుకే. వాళ్ల లైసెన్సుల్లో ఇప్పుడు నడుస్తున్నది 4.0 వెర్షన్, 2013లో వచ్చింది. పేర్లు చూసి భయపడకండి. "బై" అంటే పేరు చెప్పి ఏమైనా చేసుకో. "బై-ఎస్ఏ" అంటే పేరు చెప్పు, మార్చి ఏదైనా తయారుచేస్తే దాన్ని కూడా ఇవే షరతులతో పంచు. "ఎన్‌సీ" చేరితే వ్యాపారానికి వాడకూడదు. "ఎన్‌డీ" చేరితే మార్చకూడదు. "సీసీ జీరో" అంటే పేరు కూడా అక్కర్లేదు, తీసుకో నాయనా అని వదిలేయడం.

2011లో నేను ఏం ఆలోచించకుండా ఎన్‌సీ పెట్టాను. అందరూ మొదట అదే పెడతారు. నా ఫోటోతో ఇంకెవడో డబ్బు చేసుకోవడమేంటి అనిపిస్తుంది కదా. రెండేళ్లు గడిచాక కర్నూలు వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. తమ తాలూకాలోని చెరువుల మీద ఓ చిన్న పుస్తకం సొంత డబ్బుతో వేసుకుంటున్నారు. వెల అరవై రూపాయలు, అయిదు వందల కాపీలు. నా ఫోటోలు నాలుగు కావాలి. "వెల పెట్టాను కదండీ, మీ లైసెన్సు ప్రకారం వాడకూడదేమోనని అడుగుతున్నా" అన్నారు. నాకు సిగ్గేసింది. నేను తలుపు వేసింది ఎవడో హోటల్ యజమాని కోసం, బయట నిలబడ్డది ఈయన. ఆయన అడిగారు కాబట్టి సరిపోయింది. అడగడానికి మొహమాటపడి వెనక్కి వెళ్లినవాళ్లు ఎందరో నాకెలా తెలుస్తుంది? వికీపీడియాలోకి ఎన్‌సీ ఫోటో అసలు వెళ్లదు. వెలకట్టిన పుస్తకం, పత్రిక, యాడ్లు పెట్టుకున్న చిన్న బ్లాగు, అన్నిటి దగ్గరా ఇది వ్యాపారమా కాదా అన్న అనుమానమే. హోటల్ యజమాని మాత్రం లైసెన్సు చదవడు, ఎలాగూ కాపీ కొడతాడు.

ఆ ఏడాదే అన్నీ బై-ఎస్ఏకు మార్చాను. ఇక్కడొక కిటుకు ఉంది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోలేరు. ఫోటో మీ పేజీలోంచి తీసేయొచ్చు గానీ, అప్పటికే దింపుకున్నవాళ్లకు ఇచ్చిన అనుమతి అలాగే ఉంటుంది. గట్టి లైసెన్సు నుంచి వదులు లైసెన్సుకు ఎప్పుడైనా రావచ్చు, వదులు నుంచి గట్టికి పోవడం కుదరదు. కాబట్టి మనసు ఊగుతుంటే మొదటి నెల ఓ ఇరవై ఫోటోలకే లైసెన్సు ఇచ్చి చూడండి. పద్నాలుగు వేలు ఒక్క రాత్రిలో ఎక్కించాలని ఎవరూ మిమ్మల్ని తరమడం లేదు.

సీసీ జీరో మీద నా అభిప్రాయం వేరే. మంచి మనసుతోనే పెడతారు. కానీ పేరు పోయాక ఫోటోకి పుట్టుక కూడా పోతుంది. అమెరికాలో కేరల్ హైస్మిత్ అనే ఫోటోగ్రాఫర్ తన దేశమంతా తిరిగి తీసిన వేలాది ఫోటోలను అక్కడి జాతీయ గ్రంథాలయం లాంటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ప్రజలందరి కోసం ఇచ్చేశారు. తర్వాత తన వెబ్‌సైట్‌లో తన ఫోటోనే పెట్టుకున్నందుకు, "మీరు మా ఫోటో వాడారు, 120 డాలర్లు కట్టండి" అని ఆవిడకే ఉత్తరం వచ్చింది! ఒక ఫోటో ఏజెన్సీ తరఫున వచ్చిన ఉత్తరమది. 2016లో ఆవిడ కోర్టుకెళ్లారు. ఫోటోల మీద హక్కులు వదులుకున్నారు కాబట్టి కేసులో ముఖ్యమైన భాగం నిలబడలేదు. అలా అని ఇవ్వడమే తప్పని నేననను. ల్యాండ్‌స్కేప్ ఫోటోలకు పేరుమోసిన ఆన్సెల్ ఆడమ్స్ అంతటివాడు 1943లో మంజనార్ శిబిరంలో, యుద్ధకాలంలో నిర్బంధించిన జపాన్ సంతతి అమెరికన్ల మధ్య తీసిన ఫోటోలను 1965లో అదే లైబ్రరీకి ఇచ్చేశాడు. ఇవాళ ఎవరైనా వాటిని చూడొచ్చు, వాడుకోవచ్చు. నాకు మాత్రం పేరు నిలిచే పద్ధతే నచ్చుతుంది. అహంకారంతో కాదు. ఫోటో గురించి అనుమానం వస్తే అడగడానికి ఒక మనిషి ఉండాలి కదా.

ఇక ఎక్కడ పెట్టాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం పంచడం కాదు, చూపించడం. అక్కడ మీ ఫోటో చిన్నదైపోతుంది, కెమెరా వివరాలు ఊడిపోతాయి, వారం తిరిగేసరికి ఎవరికీ దొరకదు. వాట్సాప్ అయితే ఇంకా దారుణం, ఫోటోను నలిపి పిప్పి చేసి పంపుతుంది (ఎవరికైనా అసలు ఫైలు పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి). ఫోటోలు పంచుకునే సైట్లలో ఫ్లికర్ ఇప్పటికీ మంచిదే గానీ, 2019 నుంచి డబ్బు కట్టనివాళ్లకు వెయ్యి ఫోటోల పరిమితి వచ్చింది. అన్‌స్ప్లాష్ 2013లో సీసీ జీరోతో మొదలై, 2017లో సొంత లైసెన్సుకు మారి, 2021లో ఫోటోలు అమ్మే గెట్టీ ఇమేజెస్ కంపెనీ చేతికి వెళ్లింది. కంపెనీలు మారతాయి, షరతులు మారతాయి. నావి ఎక్కువ భాగం వికీమీడియా కామన్స్‌లో, అంటే వికీపీడియా వాడుకునే ఉచిత ఫోటోల భండారంలో ఉన్నాయి. 2004 నుంచి నడుస్తోంది, లాభాపేక్ష లేని సంస్థది, ఫోటో పూర్తి సైజులో ఉంటుంది, అక్కడ పెట్టినదాన్ని తెలుగు వికీపీడియాలోనూ ఇంగ్లిష్‌లోనూ ఒరియాలోనూ నేరుగా వాడుకోవచ్చు. దాని వాకిలి అంత అందంగా ఉండదు, మొదటిసారి వెళితే తహసీల్దార్ ఆఫీసులో అడుగుపెట్టినట్టే ఉంటుంది. రెండు మూడు సార్లకు అలవాటైపోతుంది. ఏది ఎంచుకున్నా అసలు ఫైళ్లు, కెమెరా తీసింది తీసినట్టు దాచే రా ఫైళ్లతో సహా, మీ దగ్గర రెండు డిస్కుల్లో ఉండాలి. నా పాడేరు ఫోటోల్లో సగం ఒకే డిస్క్‌లో పెట్టుకుని పోగొట్టుకున్నాను. ఇప్పుడు మిగిలినవి నేను ఎక్కించినవే. నా ఫోటోలు నేనే డౌన్‌లోడ్ చేసుకోవాల్సి వచ్చింది!

ఇప్పుడు అసలు సంగతి. మీరు అడగలేదు గానీ, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. ఫోటో కింద ఏం రాస్తారు?

కంభం దగ్గర ఒక పల్లెలో మా బ్రాంచి వెనక చిన్న చెరువు ఉండేది. 2015 మేలో పూర్తిగా ఎండింది. అడుగున మట్టి చేతి వెడల్పు పలకలుగా బీటలు వారి, ఒక్కో పలక అంచు అప్పడంలా పైకి లేచింది. మధ్యలో పాత తూము రాయి, దాని మొదట్లో ఎవరో వదిలేసిన చిరిగిన వల. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడి బీటల్లో నీడలు నల్లగా నిలిచాయి. కట్ట తూర్పు కొస నుంచి తీశాను. ఫోటోగా అద్భుతమేమీ కాదు, మన దగ్గర కరువు ఫోటోలకు కొదవా? కానీ ఆ అలవాటు ఎందుకొచ్చిందో తెలియదు, కింద ఇలా రాశాను: ఊరి పేరు, మండలం, చెరువు పేరు ఊళ్లోవాళ్లు పిలిచేది, తేదీ, కట్ట తూర్పు కొసన నిలబడి పడమరకు చూస్తూ, కుడివైపు కనిపించేది తూము, ఎడమ కొసన అలుగు. మళ్లీ వానలు పడ్డాక అదే చోట నిలబడి, అదే దిక్కుకు తిరిగి ఇంకోటి తీశాను. మూడోది అలుగు పారినప్పుడు.

నాలుగేళ్ల తర్వాత నీటి వనరుల మీద పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థిని నుంచి ఈమెయిల్ వచ్చింది. ఆ మూడు ఫోటోలూ ఆమెకు పనికొచ్చాయి. ఎందుకు? వాటిలో తూము ఒకే చోట కనిపిస్తోంది, తేదీలున్నాయి, నీరు ఎక్కడిదాకా వచ్చిందో కొలుచుకోవచ్చు. అదే రోజుల్లో నేను గండికోటలో తెల్లవారుజామున చలికి వణుకుతూ తీసిన పెన్నా లోయ ఫోటో, నాకు అతి ఇష్టమైనది, దాన్ని అడిగినవాళ్లు ఇవాళ్టికీ లేరు. అడగరు కూడా. గండికోట లోయను ప్రతి శనివారం వంద మంది తీస్తున్నారు. వేసవిలో ఆ పల్లె చెరువును తీసింది నేనొక్కడినే.

అందుకే చెబుతున్నా. మీరు పంచాల్సిన మొదటి ఫోటోలు మీకు నచ్చినవి కాకపోవచ్చు. లంబసింగి మంచు, అరకు లోయ, కుంటాల జలపాతం, వీటి ఫోటోలకు లోటు లేదు. పెడితే పెట్టండి, తప్పు లేదు, మీ ఆనందం మీది. కానీ మీ డిస్క్‌లో ఎక్కడో దారిలో కారు ఆపి తీసిన వాగు, పేరు కూడా అడగకుండా తీసిన గుట్ట, బస్సు రావడం ఆలస్యమైతే తీసిన తాటితోపు ఉంటాయి చూడండి, అవి మరొకరి దగ్గర ఉండవు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో వేల ఊళ్లకు పేజీలున్నాయి. జనాభా, విస్తీర్ణం, పిన్‌కోడ్ వరకూ అన్నీ ఉంటాయి. బొమ్మ మాత్రం చాలా వాటికి లేదు.

ఫైలు పేరు కెమెరా పెట్టిన "డీఎస్‌సీ 0412" గానే ఉంటే అది పంచినట్టు కాదు, పారేసినట్టు. ఊరు, మండలం, ఏం కనిపిస్తోంది, ఏ దిక్కు, ఏ నెల, ఇంతే. తెలుగులో రాయండి, ఇంగ్లిష్‌లో కూడా రాయండి, వెతికేవాళ్లు రెండు రకాలుగానూ వెతుకుతారు. స్థానికులు కొండను ఏమని పిలుస్తారో మేకలు కాసేవాళ్లను అడగండి. గూగుల్ మ్యాప్‌లో ఉండని పేర్లు వాళ్ల దగ్గరుంటాయి. సూర్యాస్తమయాన్ని సూర్యోదయమని రాయకండి. నవ్వకండి, ఫోటోగ్రాఫర్లలో సగం మంది చేసే పనే ఇది. ఎడిటింగ్‌లో ఆకాశం మార్చి ఉంటే ఆ సంగతి రాయండి, లేదా అలాంటి ఫోటోను వికీలో పెట్టకండి. రంగు కాస్త పెంచడం వేరు, లేని మబ్బును తెచ్చి అతికించడం వేరు.

రాసేటప్పుడు తప్పు రాస్తే ఏమవుతుందో కూడా చెబుతాను, నా పరువు పోయినా సరే. పోరుమామిళ్ల చెరువు తెలుసు కదా, విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించాడని 1369 నాటి శాసనం చెప్పే చెరువు. కంభం చెరువు ఇంకోటి, రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డకట్ట వేసి కట్టింది. రెండూ 2020లో ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడాల జాబితాలో ఒకేసారి చేరాయి. ఆ హుషారులో పాత ఫోటోలన్నీ తిరగేసి గబగబా ఎక్కించాను. పోరుమామిళ్ల ఫోటో ఒకదానికి కంభం చెరువు అని రాశాను. ఒక ప్రైవేటు సంస్థవాళ్లు దాన్ని తీసుకుని గోడ క్యాలెండర్ వేశారు, పద్ధతిగా నా పేరు కూడా వేశారు. జనవరి మొదటి వారంలో పోరుమామిళ్ల నుంచి మా పాత ఖాతాదారు ఫోన్: "సార్, మా చెరువును కంభానికి ఎప్పుడు రాసిచ్చారు?" ఆ ఏడాదంతా నేను ఏ శుభకార్యానికి వెళ్లినా అదే జోకు. ఇంటర్నెట్‌లో పేరు సరిదిద్దడానికి రెండు నిమిషాలు పట్టింది. గోడల మీద క్యాలెండర్లు మాత్రం డిసెంబరు దాకా అలాగే వేలాడాయి.

వాటర్‌మార్క్ వద్దు. పుస్తకంలో వేసుకునేవాడికి అది అడ్డం, దొంగను మాత్రం అది ఆపలేదు, మూల కత్తిరించేస్తాడు. దాని బదులు ఫైలు లోపలే ఉండే వివరాల్లో, అంటే మెటాడేటాలో, మీ పేరు, లైసెన్సు, క్యాప్షన్ రాసేయండి. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్లు లైట్‌రూమ్‌లోనైనా ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లోనైనా ఒకసారి ప్రీసెట్ చేసుకుంటే వెయ్యి ఫోటోలకు ఒకేసారి ఎక్కుతుంది. సైజు తగ్గించి పెట్టడం కూడా వద్దు. ఇస్తే పూర్తిగా ఇవ్వండి. పిల్లలకు జామపండు కోసి సగం ఇచ్చినట్టుండకూడదు.

కొట్టేయడం గురించి. జరుగుతుంది, టెన్షన్ పడకండి. నా గండికోట ఫోటో ఒకటి ఒక ట్రావెల్స్ వాళ్ల ఫ్లెక్సీ మీద కనిపించింది, పేరు లేదు. వ్యాపారానికి వాడటం బై-ఎస్ఏ ప్రకారం తప్పు కాదు, పేరు వేయకపోవడం తప్పు. ఫోన్ చేస్తే "గూగుల్‌లో దొరికింది సార్" అన్నారు. గొంతు పెంచలేదు. ఫోటో లింకు, లైసెన్సు లింకు, ఏ వాక్యం వేయాలో యథాతథంగా రాసి వాట్సాప్‌లో పంపాను. పది రోజుల్లో ఫ్లెక్సీ కింద చిన్న స్టిక్కర్ అతికించి ఫోటో పంపారు. 4.0 లైసెన్సులో ఈ వెసులుబాటు ఉంది: షరతు తప్పినవాడు విషయం తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే అతని అనుమతి తనంతట తానే తిరిగొస్తుంది. అందుకని మొదటి ఉత్తరం ఎప్పుడూ మర్యాదగా ఉండాలి, చాలామందిది తెలియనితనమే. తెలిసి చేసేవాళ్లూ ఉంటారు. ఒకాయన నా ఫోటో తనదని పోటీకి పంపి బహుమతి కొట్టేశాడు. రా ఫైలు చూపించగానే నిర్వాహకులు బహుమతి రద్దు చేశారు. రా ఫైళ్లు దాచమన్నది ఇందుకు కూడా. మన చట్టంలో 57వ సెక్షన్ కింద, హక్కులు ఇచ్చేసిన తర్వాత కూడా ఈ పని నాది అని చెప్పుకునే అధికారం సృష్టికర్తకు ఉంటుంది.

పోటీలంటే గుర్తొచ్చింది. ప్రవేశ రుసుము లేని ఫోటో పోటీల షరతులు చివరిదాకా చదవండి. పంపిన ప్రతి ఫోటో మీద, గెలవకపోయినా సరే, సర్వహక్కులు నిర్వాహకులవే అని రాసినవి చూశాను. మీరు లోకానికి ఉచితంగా ఇవ్వడం వేరు, ఒక్కడికి ఉచితంగా రాసివ్వడం వేరు. రెండోదాని తర్వాత మీరే మీ ఫోటో వాడలేకపోవచ్చు.

కృత్రిమ మేధ కంపెనీలు బహిరంగంగా ఉన్న ఫోటోలను కోట్లలో పోగేసి బొమ్మలు గీసే యంత్రాలకు నేర్పిస్తున్నాయి, మీదీ అందులో పడొచ్చు. లైసెన్సు దాన్ని ఆపుతుందని నమ్మకం పెట్టుకోకండి. అది భరించలేనంత బాధ అనిపిస్తే ఆ ఫోటోలు బయట పెట్టకపోవడం ఒక్కటే దారి. నాకు నచ్చదు, అయినా పెడుతున్నాను.

పొట్ట కొడుతున్నావన్న మాట. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి, ఆయన బాధలో నిజముంది. పదేళ్ల కిందట మా ఊరి స్టూడియో ఆయన పత్రికలకు, టూరిజం బ్రోషర్లకు ఫోటోలు అమ్మి ఏటా కొంత సంపాదించేవారు, ఇప్పుడు అది లేదు. ఫోన్లు కొంత, నాలాంటివాళ్లం కొంత, కారణం ఎవరైతేనేం. నేను ఒక గీత గీసుకున్నాను. తీసిన ఫోటో ఉచితం, తీసే పని ఉచితం కాదు. నా ఆనందానికి నేను తిరిగి తీసుకున్నది ఎవరైనా తీసుకోవచ్చు. "మా రిసార్ట్‌కు ఒక ఆదివారం వచ్చి తీసిపెట్టండి, మీ పేరు వేస్తాం" అంటే మాత్రం ఊళ్లో ప్రొఫెషనల్ నంబరు ఇస్తాను. ఆయన ఎంత అడుగుతారో నాకు తెలుసు, నేను అంతకు ఒక్క రూపాయి తక్కువకు చేయను, నా ఉద్యోగం ప్రకారం చేయకూడదు కూడా. ప్రైవేటు బ్రోషర్‌కు ప్రత్యేకంగా ఈ కోణంలో, ఈ సైజులో, రేపటికల్లా కావాలన్నా అదే సమాధానం. మీ మిత్రుడికి ఈ మాట చెప్పి చూడండి. ఎండిన చెరువుల ఫోటోలతో ఆయన పొట్ట ఎటూ నిండదు, అవి ఆయన తీయరు.

పంచకూడనివి కూడా ఉన్నాయి. పాడేరులో ఉన్నప్పుడు వంజంగి కొండ మీద మబ్బుల సముద్రాన్ని నేనూ తీశాను. ఆ కొండ ఫోటోలు, వీడియోలు వైరల్ అయ్యాక వారాంతాల్లో దారి పొడవునా కార్లు, పైన ప్లాస్టిక్ సీసాలు. అందరిదీ కలిసి అలా అయింది, నా వంతూ ఉంది. అప్పటినుంచి కొన్ని చోట్లకు మండలం పేరు వరకే రాస్తాను, దారి రాయను. పైన చోటూ దిక్కూ రాయమని, ఇక్కడ దాచమని అంటున్నానేంటి అనుకుంటారేమో. చెరువుకు చోటు చెబితే చెరువుకు మేలు. దారి లేని చిన్న జలపాతానికి చోటు చెబితే దాని ప్రాణం పోతుంది. చూసి తేల్చుకోవాలి, దీనికి సూత్రం లేదు. పక్షి గూడు, నక్షత్ర తాబేలు, శేషాచలంలో ఎర్రచందనం మాను, ఇవి ఫ్రేములో ఉంటే మాత్రం జీపీఎస్ తీసేయాల్సిందే. ఫోన్‌తో తీసినవాటిలో జీపీఎస్ తనంతట తనే చేరుతుంది, ఎక్కించే ముందు చూసుకోండి. ఏటి రేవులో బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్లు, స్నానాలు చేసే పిల్లలు ఉన్న ఫోటోలు కూడా నేను ఇవ్వను. ఫోటోకు మీరిచ్చే లైసెన్సు అందులో ఉన్న మనిషి తరఫున అనుమతి కాదు. రేపు ఆ ముఖం ఏ ప్రకటనలో తేలుతుందో మన చేతిలో ఉండదు.

ప్రాజెక్టుల దగ్గర, రక్షణ శాఖ స్థలాల దగ్గర గార్డు వద్దంటే వద్దనే. వాదించకండి. గండికోటలో కాపలాదారు నా ట్రైపాడ్ మడిచేయమన్నాడు, రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్‌కు విడిగా అనుమతి కావాలి. చేత్తోనే తీసుకున్నాను. గోడలు, గుడులు, వీధిలో శాశ్వతంగా పెట్టిన విగ్రహాలు మీ దృశ్యంలో పడితే భయం లేదు, వాటిని ఫోటో తీయడానికి మన కాపీరైట్ చట్టమే అనుమతిస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి అని చివర్లో అడిగారు. మీరు రాసినదాంట్లో ఒక వాక్యం నాకు పట్టుకుంది: నాగావళి ఒడ్డున అమ్మమ్మగారి ఊళ్లో ప్రతి సంక్రాంతికీ ఏటి గట్టు మీద అదే మర్రిచెట్టు కింద నిలబడి ఫోటో తీస్తాననీ, అవన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఎవరికీ చూపించననీ. ఏడు సంక్రాంతులు అంటే ఏడు ఫోటోలు. ఇసుక ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగిందో అందులో ఉంటుంది. వాటికి తేదీలు రాసి, బై-ఎస్ఏ పెట్టి, ఈ ఆదివారం ముందు అవి ఎక్కించండి. మీరు చెప్పిన ఊరి పేరు తెలుగు వికీపీడియాలో కొట్టి చూశాను. పేజీ ఉంది, ఫోటో లేదు.